అడిగింది లేనప్పుడు వీడియో డ్రైవర్ ఏమని చెప్పాలి?

కెమెరాతో పనిచేసే ఒక ప్రోగ్రాం, లినక్స్ కెర్నల్‌లోని డ్రైవర్‌ను (ఆపరేటింగ్ సిస్టం మూలభాగంలో ఉండి ఆ పరికరాన్ని నడిపే భాగాన్ని) 1920×1080 చిత్రాలు సెకనుకు 30 చొప్పున ఇమ్మని అడిగిందనుకుందాం. ఆ కెమెరాకు అంత శక్తి లేదు. ఇప్పుడు డ్రైవర్ కుదరదని ఎర్రర్ కోడ్ తిప్పి పంపవచ్చు, లేదా తన దగ్గర ఉన్నవాటిలో అడిగినదానికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుని, దాని వివరాలు తెలియజేయవచ్చు. ఈ రెండింటిలో ఏదో ఒకదాన్ని అన్నిచోట్లా పాటిస్తే సరిపోదని, ఒకే డ్రైవర్ కొన్ని కోరికలను సర్దుబాటు చేసి, మరికొన్నింటిని నిర్మొహమాటంగా తిరస్కరించాలని నా అభిప్రాయం. ఒంగోలులో ఉంటూ చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైటు ఫ్యాక్టరీలలో కెమెరాలు అమర్చి, వాటితో పనిచేసే ప్రోగ్రాములను చూసుకోవడం నా వృత్తి. ఈ తేడాను పట్టించుకోని ప్రోగ్రాముల వల్ల కలిగే నష్టం అక్కడ రాళ్ల కొలతల్లోనే బయటపడుతుంది.

లినక్స్‌లో వీడియో పరికరాలకు, ప్రోగ్రాములకు మధ్య ఉన్న ఒప్పందాన్ని వీ4ఎల్2 (వీడియో ఫర్ లినక్స్, రెండో రూపం) అంటారు. ఇది 2002లో 2.5.46 కెర్నల్‌తో పాటు వచ్చింది. దీనికి ముందున్న పాత వీ4ఎల్‌ను 2011లో 2.6.38 కెర్నల్ నుంచి పూర్తిగా తీసివేశారు. చిత్రపు వెడల్పు, ఎత్తు, పిక్సెల్ ఫార్మాట్ (ఒక్కో పిక్సెల్‌ను బైట్లలో రాసే తీరు) నిర్ణయించడానికి ప్రోగ్రాం డ్రైవర్‌కు పంపే పిలుపు పేరు ఎస్_ఎఫ్‌ఎంటీ. దీని నియమం మొదటిసారి చదివినవారికి వింతగా తోస్తుంది. ప్రోగ్రాం పంపిన బఫర్ (చిత్రాన్ని నింపే మెమరీ భాగం) రకం చెల్లనిదైతే తప్ప, ఆ పరికరం వేరే పనిలో ఉంటే తప్ప, డ్రైవర్ ఎర్రర్ ఇవ్వకూడదు. వెడల్పు, ఎత్తు తనకు చేతకానివైతే వాటిని తనకు చేతనైన విలువలకు మార్చి, అదే స్ట్రక్చర్‌లో తిరిగి రాసి, పని జరిగిందనే సంకేతంగా సున్నాను తిప్పి పంపాలి. దీనికి తోడుగా ట్రై_ఎఫ్‌ఎంటీ అనే మరో పిలుపు ఉంది. అది ఇదే లెక్క చేసి ఇదే జవాబు చెబుతుంది గాని, పరికరం స్థితిని మార్చదు. కాబట్టి పరికరం పనిలో ఉన్నా సరే, దానికి ఈబిజీ (ఇప్పుడు ఖాళీ లేదు అనే ఎర్రర్ కోడ్) అనే సాకు చెల్లదు.

ఇలా ఎందుకు పెట్టారో ఊహించడం కష్టం కాదు. ఎర్రర్ కోడ్ అంటే ఒక్క అంకె. చెల్లదు అన్న ఒక్క అంకెను చూసి, వెడల్పు చెల్లలేదో, ఎత్తు చెల్లలేదో, ఫార్మాట్ చెల్లలేదో ప్రోగ్రాం ఎలా తెలుసుకోగలదు? ఒక్కొక్క విలువను మార్చి మార్చి అడుగుతూ పోవాలి, అప్పటికీ దారి దొరుకుతుందన్న నమ్మకం లేదు. నెల్లూరులో బియ్యం కొట్టుకు వెళ్లి మొలగొలుకులు అడిగినప్పుడు, కొట్టతను లేవని మొహం తిప్పుకోవడం కంటే, ఫలానా రకం ఉంది, దాదాపు అలాగే ఉడుకుతుంది, కట్టమంటారా అని అడగడమే మేలు. అయితే ఆ మాట బస్తా కట్టకముందే చెప్పాలి, కొనేవారు బస్తా మీద పేరు చదువుకోవాలి. ఎస్_ఎఫ్‌ఎంటీ నియమంలో డ్రైవర్ వంతు మొదటి సగం, ప్రోగ్రాం వంతు రెండో సగం. నేను చూసిన ఇబ్బందులలో చాలావాటికి కారణం ఈ రెండో సగమే.

అసలు ఒక కోరిక చెల్లుతుందా లేదా అన్నది ఒక్కొక్క విలువను విడిగా చూసి తేల్చలేము. యూఎస్‌బీ 2.0 కెమెరానే తీసుకుందాం. కుదింపు లేని వైయూవైవీ ఫార్మాట్‌లో ఒక పిక్సెల్‌కు రెండు బైట్లు పడతాయి. 640×480 చిత్రం 6,14,400 బైట్లు, సెకనుకు 30 చిత్రాలంటే 1,84,32,000 బైట్లు. యూఎస్‌బీ 2.0 మీద ఒక ఐసోక్రోనస్ ఎండ్‌పాయింట్ (వీడియో వంటి ఆగని ప్రవాహానికి కేటాయించిన దారి) 125 మైక్రోసెకన్లకొకసారి అత్యధికంగా 3,072 బైట్లు పంపగలదు, అంటే సెకనుకు 2,45,76,000. కనుక 640×480 హాయిగా పడుతుంది. అదే 1280×720 చిత్రాలు సెకనుకు 30 కావాలంటే 5,52,96,000 బైట్లు అవసరం. అవి ఆ దారిలో పట్టవు. సెకనుకు 10కి తగ్గిస్తే లెక్క మళ్లీ సరిగ్గా 1,84,32,000కే వస్తుంది. బజారులో దొరికే చాలా వెబ్‌క్యామ్‌లు వైయూవైవీలో 720 గీతల చిత్రాన్ని సెకనుకు 10 చొప్పునే ఇవ్వడానికి కారణం ఇదే. ఎంజేపెగ్‌లో అడిగితే కుదించిన చిత్రం గనుక 30 కూడా వస్తాయి. అంటే 1280×720 చెల్లుతుంది, వైయూవైవీ చెల్లుతుంది, 30 కూడా చెల్లుతుంది, కాని మూడూ కలిసి చెల్లవు.

అప్పుడు దేన్ని వదులుకోవాలి? కొలతలు తీసేవాడికి పరిమాణం ముఖ్యం, కదలికను పట్టుకునేవాడికి వేగం ముఖ్యం, రంగును పరీక్షించేవాడికి కుదింపు లేని ఫార్మాట్ ముఖ్యం. వీ4ఎల్2 ఈ తీర్పును డ్రైవర్‌కు పూర్తిగా అప్పగించలేదు. ఫార్మాట్, పరిమాణం ముందు ఎస్_ఎఫ్‌ఎంటీతో తేల్చి, ఆ తరువాత వేగాన్ని ఎస్_పార్మ్‌తో అడగాలి. అక్కడ కూడా డ్రైవర్ తనకు వీలైన దగ్గరి విలువను రాసి పంపుతుంది. ఈ వరుస వల్ల పరిమాణానికి మొదటి పీట దక్కుతుంది. మా పనికి ఇది అనుకూలమే గాని, అందరికీ అనుకూలమని అనలేను.

దగ్గరిది అన్న మాటను కూడా అందరూ ఒకేలా లెక్కగట్టరు. ఒక కెమెరా వద్ద 640×480, 1280×720 అనే రెండు పరిమాణాలే ఉన్నాయనుకోండి, ప్రోగ్రాం 1000×600 అడిగిందనుకోండి. కెర్నల్‌లో చాలా డ్రైవర్లు వాడుకునే సహాయక మాక్రో (సిద్ధంగా ఉన్న కోడ్ ముక్క) ఒకటి వెడల్పుల తేడాను, ఎత్తుల తేడాను కూడి చూస్తుంది. పెద్దదానికి 280, 120 కలిపి 400, చిన్నదానికి 360, 120 కలిపి 480. కనుక అది 1280×720ను ఎంచుకుంటుంది. మామూలు యూఎస్‌బీ కెమెరాలను నడిపే యూవీసీవీడియో డ్రైవర్ లెక్క వేరు. అది రెండు దీర్ఘచతురస్రాలను ఒకదానిపై ఒకటి పెట్టి, పరస్పరం కప్పుకోని భాగంలో ఎన్ని పిక్సెళ్లు ఉన్నాయో చూస్తుంది. పెద్దదానితో 3,21,600, చిన్నదానితో 2,92,800. కనుక ఇది 640×480ను ఎంచుకుంటుంది. ఒకే కోరికకు, ఒకే జాబితా నుంచి, రెండు డ్రైవర్లు రెండు వేర్వేరు జవాబులిస్తాయి, రెండూ నియమం ప్రకారం సరైనవే. పోయినసారి ఏమి వచ్చిందో గుర్తుపెట్టుకుని ఈసారీ అదే వస్తుందని రాసిన ప్రోగ్రాం, కెమెరా మారిన రోజున బోల్తా పడటానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

చీమకుర్తిలో ఒక ఫ్యాక్టరీలో జరిగింది కూడా ఇదే. పాలిష్ అయిన గ్రానైటు పలకలను పైనుంచి కెమెరాతో ఫొటో తీసి, పొడవు వెడల్పులు లెక్కగట్టి, చదరపు అడుగులు చూపించే ప్రోగ్రాం ఒకటి అక్కడ ఉంది. కెమెరాకు 3,200 మిల్లీమీటర్ల వెడల్పు కనబడుతుంది. 1920 పిక్సెళ్లకు ఆ వెడల్పును పంచి, పిక్సెల్‌కు 1.67 మిల్లీమీటర్లు అని ప్రోగ్రాంలో రాసి పెట్టారు. కెమెరా పాడైతే వేరొకటి తెచ్చి తగిలించారు. దానికి 1280×720 దాటి శక్తి లేదు. ప్రోగ్రాం 1920×1080 అడిగింది, డ్రైవర్ 1280×720 అని రాసి, సున్నాను తిప్పి పంపింది. ప్రోగ్రాం ఆ సున్నాను చూసి సంతోషించి, పక్కనే రాసి ఉన్న అంకెలను చదవలేదు. మూడు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు ఉన్న పలక తెరపై రెండు మీటర్లు, ఒక మీటరు అయింది. 48 చదరపు అడుగులు 21.5 అయ్యాయి. "ఏంది సారూ, నిన్నటి రాయి ఇయ్యాల ఇంత కురచయిపోయింది!" అని సూపర్‌వైజర్ ఫోన్ చేశారు. తేడా మరీ పెద్దది గనుక వెంటనే తెలిసింది. కొందరు దీన్ని విని డ్రైవర్ ఎర్రర్ ఇచ్చి ఉంటే సరిపోయేది కదా అన్నారు. సరిపోయేదే, కాని ఆ ఎర్రర్‌ను చూడగానే తెర నల్లబడి ప్రోగ్రాం ఆగిపోయేది తప్ప, ఆ కెమెరా వద్ద ఏ పరిమాణాలు ఉన్నాయో ఎవరికీ తెలిసేది కాదు. డ్రైవర్ నిజమే చెప్పింది, దాన్ని చదివే బాధ్యత ప్రోగ్రాముది. అందుకే ఈ తగాదాలో నేను డ్రైవర్ పక్షం.

కొలతల సంగతి ఇలా ఉండగా, ఎక్స్‌పోజర్ విషయంలో జరిగే సర్దుబాటు ఇంకా సన్నంగా ఉంటుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాయికి విలువ తెచ్చేవి నల్లని నేలపై మెరిసే బంగారు చుక్కలు. ఆ చుక్కల కాంతిని చూసి రకాలు విడదీసేటప్పుడు ఎక్స్‌పోజర్ సమయం స్థిరంగా ఉండాలి. వీ4ఎల్2లో ఈ సమయానికి ప్రమాణం 100 మైక్రోసెకన్లు. ప్రోగ్రాం 2 అని అడిగితే, కెమెరా కనిష్ఠం 3 అయితే, డ్రైవర్ 3కు సర్ది పని కానిస్తుంది. అడిగినదానికంటే ఒకటిన్నర రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది, చుక్కలు ఉబ్బి తెల్లబడతాయి, రెండో రకం రాయి మొదటి రకంలా కనబడుతుంది. ఎక్స్‌పోజర్ వంటి అంకెల కంట్రోళ్లను ఇలా కనిష్ఠ గరిష్ఠాల మధ్యకు లాగడం, మెట్టు ప్రకారం సరిచేయడం కెర్నల్‌లోని కంట్రోల్ ఫ్రేమ్‌వర్కులోనే ఉన్న పద్ధతి. సరిచేసిన విలువ ప్రోగ్రాముకు తిరిగి అందుతుంది, చదివితే తెలుస్తుంది. అదే మెనూ తరహా కంట్రోల్ అయితే, ఉదాహరణకు లైట్ల మిణుకును అణచడానికి 50 హెర్ట్జ్, 60 హెర్ట్జ్ అని ఎంచుకునేది, అక్కడ హద్దు దాటిన ఎంపికకు ఈరేంజ్ అని, హద్దుల్లోనే ఉన్నా ఆ పరికరంలో లేని ఎంపికకు ఈఇన్వాల్ అని తిరస్కారం వస్తుంది. ఈ విభజన నాకు ఎంతో సబబుగా తోస్తుంది. అంకెకు పక్క అంకె ఉంటుంది, మెనూలో రెండో పేరుకు మూడో పేరు దగ్గరిదని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు.

ఇదే తర్కంతో మిగిలినవాటినీ చూడవచ్చు. ఐదో ఇన్‌పుట్ లేని వీడియో కార్డును ఐదో ఇన్‌పుట్‌కు మారమంటే నాలుగోదానికి మారడం సాయం కాదు. హెచ్‌డీఎంఐ వంటి ఇన్‌పుట్లకు పెట్టే టైమింగ్స్ చెల్లనప్పుడు కూడా డ్రైవర్ తిరస్కరించాల్సిందే, ఎందుకంటే అవతలినుంచి వచ్చే సంకేతం తన లయలో వస్తూనే ఉంటుంది, మనం దగ్గరి లయ ఎంచుకున్నంత మాత్రాన అది మనకోసం మారదు. తెరకు బొమ్మ పంపే డీఆర్‌ఎం డ్రైవర్లు ఈ దారినే పట్టాయి. అక్కడ కోరికల మొత్తాన్ని ఒకేసారి పంపాలి, అన్నీ కుదిరితేనే అమలు, ఒక్కటి కుదరకపోయినా ఏదీ అమలు కాదు. కుదురుతుందో లేదో ముందుగా చూసుకోవడానికి పరీక్షకు మాత్రమే అనే ఫ్లాగ్ (కోరికతో పాటు పంపే గుర్తు) ఉంది. తెలియని ఫ్లాగులు పెడితే వాటిని చూడనట్టు ఊరుకోకుండా తిప్పికొట్టడం వల్ల, రేపు ఆ ఫ్లాగుకు అర్థం కల్పించినప్పుడు పాత ప్రోగ్రాములు చెదరవు.

పిక్సెల్ ఫార్మాట్ విషయంలో మాత్రం వాదం ఇంకా సజీవంగానే ఉంది. నియమం ప్రకారం తెలియని ఫార్మాట్ అడిగినా డ్రైవర్ తనకు తెలిసిన ఒకదాన్ని రాసి పంపాలి. కొన్ని పాత డ్రైవర్లు ఈఇన్వాల్ ఇస్తూ వచ్చాయి, వాటినే నమ్ముకున్న ప్రోగ్రాములు ఉన్నాయి. అందుకే పరీక్షా సాధనమైన వీ4ఎల్2-కంప్లయన్స్ దీన్ని తప్పుగా లెక్కించకుండా, సమస్య కావచ్చు, కాకపోవచ్చు అన్న హెచ్చరికతో సరిపెడుతుంది. ఎన్‌వీ12 అనే మరో ఫార్మాట్‌కు ఎంజేపెగ్ దగ్గరిదా, వైయూవైవీ దగ్గరిదా అన్నదానికి అర్థమే లేదు గనుక, నేను పైన చెప్పిన తర్కం ప్రకారం ఇక్కడ తిరస్కారమే ఉండాలి. అయినా నియమం రాసినవారి వైపే మొగ్గుతాను. పరిమాణం, గీతకు ఎన్ని బైట్లు, మొత్తం చిత్రానికి ఎన్ని బైట్లు అన్నీ ఫార్మాట్‌ను బట్టే మారతాయి, ఫార్మాట్ దగ్గర ఆగిపోతే ప్రోగ్రాముకు మిగిలిన వివరాలేవీ అందవు.

తిరస్కరించాలని తేలిన తరువాత ఏ కోడ్‌తో తిరస్కరించాలన్నది చిన్న విషయం కాదు. ఒకప్పుడు ఆ పిలుపే డ్రైవర్‌లో లేకపోయినా ఈఇన్వాల్ వచ్చేది, పిలుపు ఉండి విలువ చెల్లకపోయినా ఈఇన్వాలే వచ్చేది. ఈ పరికరంలో జూమే లేదు అన్నదానికీ, జూమ్ ఉంది గాని నువ్వు అడిగినంత లేదు అన్నదానికీ తేడా తెలిసేది కాదు. 2011లో 3.1 కెర్నల్‌తో దీన్ని సరిచేసి, లేని పిలుపుకు ఈనాట్టీ రావాలని స్థిరపరిచారు. ఇటువంటి మార్పుల్లో ఎంత జాగ్రత్త అవసరమో మరుసటి ఏడాది తెలిసివచ్చింది. 2012 డిసెంబర్‌లో యూవీసీవీడియోలో చేసిన ఒక మార్పు వల్ల ఒక కంట్రోల్ పిలుపు ఈనోఎంట్ అనే కోడ్ ఇవ్వసాగింది, దానితో కొన్ని డెస్క్‌టాప్ ప్రోగ్రాములు చెడిపోయాయి. తప్పు ప్రోగ్రాములదేనన్న వాదన వచ్చినప్పుడు లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తీవ్రంగా మండిపడి, కెర్నల్ మార్పు వల్ల వాడుకరుల ప్రోగ్రాం చెడితే అది కెర్నల్ తప్పేనని, దాన్ని వెనక్కి తీసుకోవలసిందేనని రాశారు. ఆయన రాసిన ధోరణి అందరికీ రుచించకపోవచ్చు. అసలు విషయంలో ఆయన పక్షం కాకుండా ఉండటం కష్టం. డ్రైవర్ ఇచ్చే ఎర్రర్ కోడ్ కూడా ఒప్పందంలో భాగమే.

ఎప్పటికీ కాదు అన్నదానికి, ఇప్పుడు కాదు అన్నదానికి మధ్య తేడా కూడా కోడ్‌లోనే తెలియాలి. బఫర్లు కేటాయించి ఉండగా ఫార్మాట్ మార్చమంటే వచ్చే ఈబిజీ స్పష్టంగానే ఉంటుంది. ఒకే యూఎస్‌బీ హబ్‌కు రెండు కెమెరాలు తగిలించినప్పుడు వచ్చేది అంత స్పష్టం కాదు. రెండో కెమెరా ఫార్మాట్‌ను ఒప్పుకుంటుంది, బఫర్లను ఒప్పుకుంటుంది, తీరా స్ట్రీమ్ మొదలుపెట్టమన్నప్పుడు పరికరంలో చోటు లేదు అని ఈనోస్పేస్ ఇస్తుంది. అక్కడ చోటు అంటే యూఎస్‌బీ దారిలో మిగిలిన బ్యాండ్‌విడ్త్. ఆ మాటను తెరపై చూసిన ఒక ఫ్యాక్టరీ కుర్రవాడు డిస్కు నిండిపోయిందనుకుని పాత పలకల ఫొటోలన్నీ తుడిచేశాడు. పాపం, అతన్ని ఏమని తప్పుపట్టగలం? పైగా ఇందులో డ్రైవర్‌కు కూడా సంకటం ఉంది. కొన్ని కెమెరాలు తమకు కావలసినదానికంటే ఎంతో ఎక్కువ బ్యాండ్‌విడ్త్ కావాలని డ్రైవర్‌కే అబద్ధం చెబుతాయి. అటువంటివాటి కోసం యూవీసీవీడియోలో ప్రత్యేకమైన సవరణ ఒకటి పెట్టారు. డ్రైవర్ నిజం చెప్పాలంటే ముందు కెమెరా నిజం చెప్పాలి.

డ్రైవర్ రాసేవారికి సర్దుబాటులో మరో ముప్పు ఉంది, దాన్ని క్లుప్తంగా చెబుతాను. అడిగిన విలువను ముందు హద్దుల్లోకి లాగి, ఆ తరువాతే గుణించాలి. వెడల్పు 65,536, ఎత్తు 65,536 అని ఎవరో దురుద్దేశంతో అడిగితే, 32 బిట్ల లెక్కలో ఆ గుణకారం సున్నా అవుతుంది, సున్నా బైట్ల బఫర్‌లోకి పరికరం చిత్రాన్ని కుమ్మరిస్తుంది. చెల్లని కోరిక వచ్చిన ప్రతిసారీ కెర్నల్ లాగ్‌లో గట్టిగా అరవడం కూడా మంచిది కాదు, ఎవరైనా కావాలని అడుగుతూ పోయి లాగ్‌ను నింపేయగలరు. అటువంటి సందేశాలు డీబగ్ స్థాయిలోనే ఉండాలి.

మొత్తం వీ4ఎల్2లో నాకు అన్నిటికంటే నచ్చిన పరిష్కారం ఎస్_సెలెక్షన్ పిలుపులో ఉంది. చిత్రంలో ఏ భాగం కావాలో చెప్పే ఆ పిలుపుతో పాటు, నేను అడిగినదానికంటే తగ్గకూడదు, లేదా మించకూడదు అనే ఫ్లాగులు పంపవచ్చు. రెండూ పంపితే సరిగ్గా అంతే కావాలని అర్థం. ఏ ఫ్లాగూ లేకపోతే డ్రైవర్ ఇష్టం, ఫ్లాగు ఉండి తీర్చలేకపోతే ఈరేంజ్. సర్దుబాటు కావాలో, తిరస్కారం కావాలో అడిగేవారే చెప్పుకునే వీలు ఇది. ఎస్_ఎఫ్‌ఎంటీకి కూడా ఇటువంటి ఫ్లాగు ఒకటి ఉండి ఉంటే పై కథలో రాయి కురచయ్యేది కాదేమో. లేదు గనుక, ఆ ఫ్యాక్టరీ ప్రోగ్రాంలో ఎస్_ఎఫ్‌ఎంటీ తరువాత వెడల్పు, ఎత్తు, ఫార్మాట్ సరిపోల్చి, తేడా వస్తే కొలత ఆపి, కెమెరా ఏ పరిమాణం ఇస్తానందో తెలుగులో తెరపై చూపించే ఏర్పాటు చేశాను. గీతకు ఎన్ని బైట్లో కూడా డ్రైవర్ చెప్పిందే తీసుకుంటుంది, ఎందుకంటే కొన్ని పరికరాలు ప్రతి గీత చివర ఖాళీ బైట్లు చేరుస్తాయి, వెడల్పును రెండుతో గుణించి ఊరుకుంటే చిత్రం ఏటవాలుగా జారిపోతుంది.

ఈ మధ్య కొత్త కెమెరా ఏది కొనబోయినా ముందు ఒకటి తెప్పించి దానిమీద వీ4ఎల్2-కంప్లయన్స్ నడిపిస్తున్నాను. తెలియని పిక్సెల్ ఫార్మాట్ గురించి అది ఇచ్చే హెచ్చరికను పట్టించుకోను. ఎస్_ఎఫ్‌ఎంటీ చెప్పిన జవాబు, వెంటనే ప్రస్తుత ఫార్మాట్ ఏదో అడిగే జీ_ఎఫ్‌ఎంటీ చెప్పిన జవాబు, ఆపై నిజంగా వచ్చిన చిత్రపు పరిమాణం, ఈ మూడూ ఒకటి కాకపోతే మాత్రం, ధర ఎంత తక్కువైనా ఆ కెమెరాను తిప్పి పంపుతున్నాను.